కమాండ్ కరెక్ట్‌గానే కొట్టినా ఎర్రర్ వస్తోందా? ముందు షెల్‌ని అనుమానించండి

ఫైల్ కళ్ళెదురుగానే ఉంది, కమాండ్ కూడా కరెక్టే, అయినా "అలాంటి ఫైల్ లేదు" అంటుంది. లైనక్స్ కొత్తగా వేసుకున్న ప్రతివాళ్ళకీ తగిలే దెబ్బే ఇది. చాలాసార్లు ప్రోగ్రామ్ తప్పేం ఉండదండీ. మనం కొట్టిన లైను నేరుగా దానికి వెళ్ళదు, మధ్యలో షెల్ (టెర్మినల్‌లో మనం కొట్టిన కమాండ్ చదివే ప్రోగ్రామ్) కూర్చుని స్పేస్ కనిపించిన చోటల్లా ముక్కలు చేసి, స్టార్ గుర్తుంటే దాన్ని ఫైళ్ళ పేర్లుగా మార్చేసి, కోట్స్ పీకేసి, అప్పుడు అందిస్తుంది. అందుకే ఎర్రర్ మెసేజ్ గూగుల్ చేసే ముందు అసలు ప్రోగ్రామ్ చేతికి ఏం వెళ్ళిందో చూడాలి. సెట్ అని కొట్టి స్పేస్ ఇచ్చి -ఎక్స్ అనండి (ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే), ఇక ప్రతి కమాండ్‌నీ షెల్ ఎలా విడగొట్టిందో ప్లస్ గుర్తు పెట్టి మరీ చూపిస్తుంది. ఆపాలంటే అదే కమాండ్, మైనస్ బదులు ప్లస్.

నా సంగతి చెప్తా. "పెళ్లి ఫోటోలు" అని ఒక ఫోల్డర్, పాత కాపీ, తీసేద్దామని ఆర్ఎమ్ -ఆర్ పెళ్లి ఫోటోలు అని కొట్టా, కోట్స్ లేకుండా. షెల్‌కి అది రెండు పేర్లు. "పెళ్లి" అనేది లేదని ఒక ఎర్రర్ ఇచ్చింది, పక్కనే "ఫోటోలు" అని ఇంకో ఫోల్డర్ ఉంటే దాన్ని శుభ్రంగా ఊడ్చేసింది. ఆర్ఎమ్‌తో పోయింది ట్రాష్‌లోకి కూడా రాదు కదా! అప్పట్నుంచీ డిలీట్ చేసే ముందు అదే పేరు ఎల్ఎస్ -డి కి (పేర్లు చూపించే కమాండ్, ఏదీ చెరపదు) ఇచ్చి చూసుకుంటున్నా. పేరు మొత్తం టైప్ చెయ్యకండి, మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే స్పేస్ సంగతి షెల్లే చూసుకుంటుంది. కోట్స్ పెడితే మాత్రం, డబుల్ కోట్స్‌లో డాలర్ గుర్తు పనిచేస్తుంది (అంటే $ పక్కన ఉన్న పేరు బదులు దాని విలువ వస్తుంది), సింగిల్ కోట్స్‌లో పనిచెయ్యదు, ఉన్నదున్నట్టు వెళ్తుంది.

కాపీ పేస్ట్ చేసిన కమాండ్ అయితే ఇంకో తలనొప్పి. వర్డ్ ఫైల్ నుంచి తెస్తే మామూలు కోట్స్ వంకర కోట్స్ అయిపోతాయి, రెండు మైనస్‌లు కలిసి ఒక పొడుగు గీత అయిపోతుంది. కంటికి తేడా తెలీదు, షెల్‌కి తెలుస్తుంది. ఆ గుర్తులు చెరిపి చేత్తో మళ్ళీ కొట్టండి, అంతే.

ఫైల్ పేరే మైనస్‌తో మొదలైతే ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్ (-ఆర్ లాంటి సూచన) అనుకుంటుంది. పేరు ముందు ./ తగిలించండి, లేదా -- పెట్టి స్పేస్ ఇచ్చి పేరు రాయండి.

ఇక "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" అనే ఎర్రర్ (కమాండ్ పక్కన ఇచ్చే ఒక్కో పేరూ, ఆప్షనూ ఒక ఆర్గ్యుమెంట్). ఒక ఫోల్డర్‌లో లక్షల ఫైళ్ళుండి స్టార్ కొడితే వచ్చేది ఇదే, ఎందుకంటే ఆ పేర్లన్నీ ఒకేసారి పంపాలని చూస్తుంది షెల్. లైనక్స్‌లో లిమిట్ మామూలుగా 2097152 బైట్లు, అంటే 2 ఎంబీ, అందులోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రతి ప్రోగ్రామ్‌కీ వెళ్ళే సెట్టింగులు) కూడా. ఇక్కడ ఫైండ్ (ఫైళ్ళు వెతికే కమాండ్) వాడాలి, -నేమ్ పక్కన ప్యాటర్న్‌ని కోట్స్‌లో పెట్టి, -డిలీట్ లైను చివర్లో. చివర్లోనే అని ఎందుకంటున్నానంటే ముందు పెడితే ప్యాటర్న్ చూడకుండానే అన్నీ లేపేస్తుంది, కాబట్టి మొదట -డిలీట్ లేకుండా రన్ చేసి లిస్ట్ చూసుకోండి. దొరికిన పేర్లని ఎక్స్ఆర్గ్స్‌కి (వాటిని ఇంకో కమాండ్‌కి అందించేది) పంపాలంటే ఫైండ్‌కి -ప్రింట్0, ఎక్స్ఆర్గ్స్‌కి -0, రెండూ ఇవ్వాలి, లేకపోతే మళ్ళీ అదే స్పేస్ గొడవ.

మ్యాక్‌లో అయితే 2019లో వచ్చిన కాటలీనా నుంచీ డిఫాల్ట్‌గా వచ్చే షెల్ జెడ్‌షెల్. కర్ల్‌కి (నెట్ నుంచి ఫైళ్ళు తెచ్చే కమాండ్) ఇచ్చే లింక్‌లో ప్రశ్నార్థకం ఉంటే "నో మ్యాచెస్ ఫౌండ్" అంటుంది, లింక్ మొత్తం సింగిల్ కోట్స్‌లో పెట్టెయ్యండి. లింకులో & ఉంటే దాదాపు ఏ షెల్ అయినా అక్కడితో కోసేసి కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేస్తుంది, దానికీ ఇదే మందు.

విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిన ఫైల్) తెచ్చారా, చివరి ఆర్గ్యుమెంట్‌కి కనిపించని క్యారేజ్ రిటర్న్ (విండోస్ లైన్ చివర పెట్టే గుర్తు) అంటుకుని ఉంటుంది, క్యాట్ -ఏ తో (ఇక్కడ ఏ మాత్రం పెద్దక్షరం) చూస్తే లైన్ చివర టోపీ గుర్తు, ఎమ్ కనబడతాయి. డాస్2యునిక్స్ కొడితే పోతాయి. ఇవేవీ కాకుండా చేత్తో కొడితే వస్తున్న కమాండ్ స్క్రిప్ట్‌లో పెడితేనే చస్తోందంటే, లోపల $@ (స్క్రిప్ట్‌కి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ) చుట్టూ డబుల్ కోట్స్ మర్చిపోయారేమో చూడండి.