తాతగారి ట్రంకు పెట్టెలో మిలటరీ బిళ్ళలు: ఏది ఏంటో పోల్చుకోవడం ఎలా

ముందు ఒక్క మాట, దయచేసి ఆ బిళ్ళలకి చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబు తోమినట్టు తోమేస్తారు, మా ఇంట్లోనూ అదే జరిగింది, పండగ పండక్కీ తోమీ తోమీ తాతగారి మెడల్ అంచు మీద అక్షరాలు అరిగిపోయాయి, ఆయన నంబర్లో చివరి మూడు అంకెలు ఇప్పుడు భూతద్దం పెట్టినా కనపడవు. మెడల్ ముందు వైపు బొమ్మ లక్షల మందికి ఒకటే, అంచు మీద రాత మాత్రం ఆ ఒక్క మనిషిది, అందుకే నాకు ఇంత బాధ.

సమస్య: గుండ్రటి మెడల్, మీద రాజు తల, ఏ యుద్ధానిదో తెలీదు

గడ్డం చూడండి. గడ్డం ఉంటే చాలావరకు ఐదో జార్జి, లేకపోతే చాలావరకు ఆరో జార్జి. గడ్డం రాజు ఉండి, మెడల్ వెనక వైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అని ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధం బ్రిటిష్ వార్ మెడల్, ఎక్కువగా వెండిది, అందుకే చాలా ఇళ్ళల్లో కంసాలి దగ్గర కరిగిపోయింది. రెక్కల దేవత ఉండి ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను ఉంటే దానికి జోడీ, విక్టరీ మెడల్. గడ్డం లేని రాజు, వెనక సింహం రెండు తలల డ్రాగన్‌ని తొక్కుతూ ఉంటే 1939-45 వార్ మెడల్. వెనక ఇండియా మ్యాప్ ఉంటే ఇండియా సర్వీస్ మెడల్, మన ఊళ్ళల్లో ఈ రెండూ కలిసి దొరుకుతుంటాయి.

సమస్య: అంచు మీద ఏవో అక్షరాలున్నాయి, అర్థం కావట్లేదు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. వరస ఎక్కువగా ఇలా ఉంటుంది: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. ఎస్‌ఈపీ అంటే సిపాయి, ఎన్‌కే నాయక్, హెచ్‌ఏవీ హవల్దార్, ఎస్‌పీఆర్ శాపర్ (ఇంజినీరింగ్ దళం జవాను), డీవీఆర్ డ్రైవర్, జేఈఎం జమేదార్. యూనిట్ దగ్గర ఎస్ అండ్ ఎం అని ఉంటే శాపర్స్ అండ్ మైనర్స్, ముందు మద్రాస్ అని కూడా ఉంటే మనవాళ్ళు చాలామంది చేరింది అందులోనే. ఆర్‌ఐఏఎస్‌సీ అంటే సరుకులూ రవాణా చూసే సర్వీస్ కోర్, ఐఏఎంసీ అంటే మెడికల్. పేరు స్పెల్లింగ్ చూసి మా తాత కాదు అనుకోకండి, ఎందుకంటే రాసుకున్న గుమాస్తాకి మన పేర్లు నోరు తిరగవు, ఇంటిపేరు ఒక్కోసారి ఒక్క అక్షరమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు, అందుకని నంబరే నమ్మండి. అక్షరాలు మసకగా ఉంటే చీకటి గదిలో టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి, మెడల్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీయండి, చేత్తో రుద్దే పని లేకుండానే కనపడతాయి.

సమస్య: అసలు పేరే లేదు, నకిలీదా?

కంగారు పడకండి. రెండో యుద్ధం మెడల్స్ బ్రిటిష్ ఆర్మీ వాళ్ళకి పేరు లేకుండానే ఇచ్చారు, ఇండియన్ సైనికులవాటి మీద పేరు కొట్టినవి కనిపిస్తాయి. మొదటి యుద్ధం వార్ మెడల్ మీద పేరు లేకపోతే మాత్రం అంచు అంతా ఒకే మందంగా ఉందో లేదో చూడండి, ఒకచోట పల్చబడి ఆకురాయి గీతలుంటే ఎవరో పాత పేరు చెరిపేశారన్నమాట.

సమస్య: ఆరు మూలల స్టార్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి

మధ్యలో ఆరో జార్జి గుర్తు చుట్టూ వలయంలోనే పేరు ఉంటుంది, బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ అని. రిబ్బను చూసి మోసపోవద్దు, పాతది చిరిగితే ఏదో ఒకటి తగిలించేస్తారు. నోట్లు చెక్ చేసే యూవీ లైటు రిబ్బను మీద వేస్తే కొత్త సింథటిక్ దారం మెరుస్తుంది, కానీ సర్ఫుతో ఉతికిన పాతదీ మెరుస్తుంది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. ఇంకోటి, బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ ఒకే మనిషికి ఇవ్వరు, ఒకడి సెట్ అని రెండూ కలిపి అమ్ముతుంటే అది ఎవరో జత చేసిన సెట్.

సమస్య: కిరీటమూ ఉంది, అశోక చక్రమూ ఉంది, ఇదెలా?

చాలామంది దీన్ని డూప్లికేట్ అని పక్కన పడేస్తారు, ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. అది 1947 ఇండిపెండెన్స్ మెడల్. 1950 జనవరి 26 దాకా మనకి జార్జే రాజు, అందుకే చక్రం పైన కిరీటం, వెనక అశోక స్తంభం సింహాలు.

సమస్య: టోపీ బ్యాడ్జి అసలుదో కాదో

కిరీటం పైభాగం గుమ్మటంలా ఉబ్బి ఉంటే రాజుగారి కిరీటం, 1902 నుంచి 1952 దాకాది. మధ్యలో కిందికి నొక్కుకుని ఉంటే ఎలిజబెత్ రాణిది, అప్పటికి మనది రిపబ్లిక్, కాబట్టి ఇండియన్ రెజిమెంట్ పేరుతో ఆ కిరీటం ఉంటే కొనకండి. తర్వాత వెనక్కి తిప్పండి. అచ్చు కొట్టిన బ్యాడ్జికి ముందు బొమ్మ వెనక గుంటలా పడుతుంది, గీతలు పదునుగా ఉంటాయి. పోత పోసినదైతే గీతలు మొద్దుగా, సన్నసన్న రంధ్రాలతో ఉంటుంది, అప్పుడు అనుమానించండి.

హైదరాబాద్ రెజిమెంట్ అని ఉంటే నిజాం సైన్యం అనుకుంటాం, అక్కడే పొరపాటు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ మూలం నిజాం కంటింజెంట్ అనే దళమే అయినా అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది, 1945లో కుమావ్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత సైన్యం, అంటే స్టేట్ ఫోర్సెస్, వేరే.

సమస్య: పచ్చగా కిలుం పట్టింది

చెమ్మ, చేతి చెమట, ఎక్కువ రోజులు ప్లాస్టిక్ కవర్లో ఉంచడం. వెదురు పుల్లతో మెల్లగా గోకి, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పొడి కాయితంలో పెట్టండి. పాలిష్ వద్దు.

నంబరు, యూనిట్ దొరికాక, మనిషి యుద్ధంలో చనిపోయి ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో ఫ్రీగా వెతకొచ్చు. మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరులో మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్, అక్కడికి నంబరుతో సహా ఉత్తరం రాయండి. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, తాతగారు ఎప్పుడు వెళ్ళారు, ఎక్కడ పనిచేశారు అన్నది ఒక కాయితం మీద రాసి మెడల్‌తో పాటే ఆ పెట్టెలో పెట్టేయండి.