కుక్కపిల్ల మగదా, ఆడదా? సమస్య - పరిష్కారం

అనంతపురం పల్లెల్లో తోట కావలికైనా, గొర్రెల మందకైనా మగపిల్లనే అడుగుతారు. కావలిలో ఆడకుక్క ఏమీ తీసిపోదు గానీ, ఆ మాట ఎవరూ వినరు. కనీసం ఏది ఏదో సరిగ్గా చూసి తెచ్చుకోండి.

సమస్య: పుట్టి వారమైంది, అన్నీ ఆడవే అనిపిస్తున్నాయి.
కారణం: వృషణాల కోసం వెతుకుతున్నారు. ఈ వయసుకు అవి కిందికి దిగి ఉండవు.
పరిష్కారం: రంధ్రం ఎక్కడుందో చూడండి. పిల్లను అరచేతిలో వెల్లకిలా పట్టుకోండి. తోక కింద మలద్వారం రెండింటికీ ఉంటుంది. దానికి కాస్త దిగువనే, వెనక కాళ్ల మధ్య, మొన తేలిన చిన్న ఉబ్బు, అందులో నిలువు చీలిక ఉంటే ఆడది. అక్కడ నున్నగా ఉండి, పొట్ట మీద బొడ్డుకు కాస్త వెనక బుడిపె, దాని కొసన రంధ్రం ఉంటే మగది. చనుమొనలు చూసి తేల్చొద్దు, అవి మగవాటికీ ఉంటాయి.
తల్లి గుర్రుమంటుంటే దానికి అలవాటైన మనిషి చేత అన్నం పెట్టించి, ఆ సందులో చూసేయండి. చలికాలంలో పిల్లను బండల నేల మీద పెట్టొద్దు. మొదటి రెండు మూడు వారాలు అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు.

సమస్య: పొట్ట మీద బుడిపె చూసి మగదన్నారు, తీరా ఆడదైంది.
కారణం: వాళ్లు చూసింది బొడ్డు. మొదటి రోజుల్లో ఎండిన బొడ్డుతాడు ముక్క ఉంటుంది. అది రాలాక కూడా కొన్నింటికి అక్కడ మెత్తటి ఉబ్బు మిగులుతుంది, అది హెర్నియా, అంటే బొడ్డు దగ్గర పొట్ట గోడ సరిగ్గా మూసుకోక లోపలిది బయటికి ఉబ్బడం.
పరిష్కారం: ముందు బొడ్డును గుర్తుపట్టి, దాని వెనక ఇంకో బుడిపె ఉందేమో చూడండి. లేకపోతే తోక కింద చూస్తే తేలిపోతుంది. బొడ్డు ఉబ్బు తగ్గకుంటే డాక్టరుకు చూపించండి.

సమస్య: మూడు నెలలొచ్చినా కాలెత్తి పోయడం లేదు.
కారణం: చిన్నప్పుడు మగవీ వంగే పోస్తాయి. కొన్ని పెద్దయినా కాలెత్తవు. దీన్నిబట్టి ఏదీ తేల్చలేం.

సమస్య: మగదే, కానీ వృషణాలు ఒకటో రెండో చేతికి తగలడం లేదు.
కారణం: మామూలుగా 8 వారాలకల్లా దిగుతాయి. చలికి, భయానికి పైకి జారుకుంటాయి కూడా.
పరిష్కారం: పిల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు మళ్లీ తడిమి చూడండి. టీకాకు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరుకు చెప్పండి. 6 నెలలు దాటితే ఇక దిగుతుందని ఆశపెట్టుకోలేం. లోపల ఉండిపోయిన వృషణానికి ముందుముందు గడ్డ వచ్చే ప్రమాదం ఎక్కువ, ఆపరేషన్ చేసి తీయించాలి. ఒక్కటి దిగినా ఆ కుక్క పిల్లల్ని పుట్టించగలదు, కానీ ఈ లోపం వంశంలో దిగేది. అందుకే దాన్ని ఆడకుక్కతో దాటించవద్దు.