రింగు రోడ్డు గెజిట్‌లో మీ సర్వే నంబరు కనిపిస్తే: 21 రోజుల్లో అభ్యంతరం రాసే పద్ధతి

హైదరాబాద్ చుట్టూ తలపెట్టిన రీజినల్ రింగు రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ వరకు దాదాపు 160 కిలోమీటర్లు సాగుతుంది. అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే మార్గం) మార్చాలంటూ రాయగిరి, చౌటుప్పల్ రైతులు ఆందోళనలు చేశారు. ఆందోళన ఎంత న్యాయమైనదైనా, ఎవరి భూమికి వారు గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వకపోతే ఆ బాధ భూసేకరణ దస్త్రంలోకి ఎక్కదు.

జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం ముందుగా, భూమి సేకరించదలచినట్టు తెలిపే సెక్షన్ 3ఏ నోటిఫికేషన్ గెజిట్‌లో వెలువడుతుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. నోటిఫికేషన్ ప్రచురితమైన 21 రోజుల్లోగా సెక్షన్ 3సీ కింద అభ్యంతరం చెప్పుకోవాలి. పత్రికలో ప్రకటన కొన్ని రోజులు ఆలస్యంగా రావచ్చు కనుక గెజిట్ తేదీ నుంచే రోజులు లెక్కపెట్టుకోవడం క్షేమం.

గెజిట్ చేతికి రాగానే సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, భూమి స్వభావం, పట్టాదారు పేరు పాసు పుస్తకంతోనూ పహాణీతోనూ సరిచూసుకోవాలి. చనిపోయిన తండ్రి పేరే ఇంకా ఉన్నా, తరి భూమి మెట్టగా నమోదైనా అభ్యంతర పత్రంలోనే రాసి సవరణ కోరాలి. ఆ తర్వాత అసలు అభ్యంతరం. "మా భూమి తీసుకోవద్దు" అన్న ఒక్క వాక్యాన్ని తోసిపుచ్చడం అధికారికి సులభం. "ఈ రోడ్డు వేస్తే బావి ఒకవైపు, పొలం మరోవైపు పడతాయి, చెరువు అలుగు నీరు పోయే వాగుకు రోడ్డు కట్ట అడ్డం వస్తుంది" అని గ్రామ నక్షాపై గుర్తించి, ఫొటోలు జతచేసి చూపితే ఆయన దానికి సమాధానం రాయవలసి ఉంటుంది. ఊరంతా కలిసి ఒకే వినతిపత్రంపై సంతకాలు పెట్టడం మన అలవాటు. అది ఇవ్వండి, కానీ ప్రతి పట్టాదారు తన సర్వే నంబరుకు విడిగా మరొకటి ఇవ్వకపోతే విచారణలో ఆ కుటుంబం గోడు ఎవరికీ వినబడదు.

అర్జీని నోటిఫికేషన్‌లో పేర్కొన్న భూసేకరణ అధికారికే ఇచ్చి, నకలుపై తేదీ, ముద్రతో రసీదు తీసుకోవాలి. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ చెప్పుకునే అవకాశం ఇవ్వడం ఆయన బాధ్యత; ఆ విచారణ కావాలని అర్జీలోనే అడగండి.

పరిహారం చాలదన్న వాదన 3సీ అర్జీకి ప్రధానాంశం కాకూడదు. 3డీ ప్రకటనతో భూమి కేంద్ర ప్రభుత్వ పరమయ్యాక, ధర 3జీ కింద నిర్ణయమవుతుంది. 2013 భూసేకరణ చట్టంలోని పరిహార సూత్రాలు 2015 జనవరి 1 నుంచి దీనికీ వర్తిస్తున్నాయి. ఆ మొత్తం అంగీకారం కాకపోతే మధ్యవర్తి అయిన ఆర్బిట్రేటర్‌ను ఆశ్రయించవచ్చు.

పట్టా లేని కౌలుదారులు, కూలీలు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణను వదులుకోకూడదు. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. సభ చివర కార్యవాహిని (చర్చల నమోదును) స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీరు చెప్పిన మాట అందులో లేకపోతే అక్కడే లేచి చేర్పించండి.

అభ్యంతరాన్ని తిరస్కరిస్తే ఉత్తర్వు ప్రతి తప్పక తీసుకోండి, హైకోర్టుకు వెళ్లాలన్నా అదే ఆధారం. 3ఏ వెలువడిన ఏడాదిలోగా 3డీ ప్రకటన రాకపోతే, కోర్టు స్టే ఉన్న కాలాన్ని మినహాయించి, ఆ నోటిఫికేషన్ చెల్లదు కనుక ఆ తేదీని కూడా పాసు పుస్తకం పక్కనే రాసిపెట్టుకోండి.