ట్రాలీ డీజిల్ ఖర్చు ఇట్లా తగ్గించుకున్నా

మాది హన్మకొండలో వాటర్ ప్లాంట్, క్యాన్లు వేసేది డీజిల్ ట్రాలీతో. ఖర్చు పెరుగుతుంటే ముందు అసలు మైలేజీ తేల్చుకున్నా: ట్యాంక్ ఫుల్ చేసి రీడింగ్ రాసుకుని, మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి, మీటరు ముల్లు చూసి అంచనా వేస్తే లాభం లేదు.

అసలు దొంగ బ్రేకు. బండి ఆపగానే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే (తాకకండి, కాలుతుంది) వెనక ఒకటి మాత్రం బాగా వేడి. జాకీ వేసి తిప్పితే పట్టేస్తోంది. మెకానిక్ డ్రమ్ము విప్పి, శుభ్రం చేసి, బ్రేకు సరిచేశాక బండి తేలిగ్గా ఉరుకుతోంది, మైలేజీ కూడా పెరిగింది.

టైర్ల గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ ఫుల్ లోడ్‌కు చెప్పిన లెక్క ప్రకారం చూపిస్తున్నా. దుమ్ము రోడ్లు కాబట్టి ఎయిర్ ఫిల్టర్ కూడా చూపిస్తున్నా.

ఇక ఫోన్ వచ్చిన వరుసలో పోవడం మానేశాం. కాజీపేట వైపువన్నీ ఒకే ట్రిప్పు. మిర్చి సీజన్లో ఏనుమాముల మార్కెట్ వైపు పొద్దున పోతే బండ్ల లైన్లో ఇంజన్ ఆన్‌లోనే డీజిల్ కాలుతుంది, అందుకే అటు సాయంత్రం. కస్టమర్లకు ముందే చెప్తే ఒప్పుకున్నారు.