బీడీఎస్ అయ్యాక క్లినిక్ ఒక్కటే దారి కాదు

పళ్ల డాక్టరు చదువు బీడీఎస్‌లో ఇంటర్న్‌షిప్ అయిపోవస్తోందంటే ఇంట్లో మొదలయ్యే మాట ఒకటే, ఒంగోల్లో గది చూద్దామా, కనిగిరిలోనే పెడదామా అని. తొందరపడకండి. చైర్, ఎక్స్‌రే, పరికరాల్లో క్రిములు చంపే ఆటోక్లేవ్, గదికి అడ్వాన్స్ అన్నీ అప్పుతో తెచ్చుకుని మొదటి నెల నుంచే వాయిదా కట్టాల్సి వస్తే, ఫిల్లింగ్‌తో సరిపోయే పంటికి కూడా రూట్ కెనాల్ చెప్పాలనిపిస్తుంది, ఆ టెన్షన్‌లో మంచి డాక్టరు కూడా మారిపోతాడు. రెండేళ్లు ఒక సీనియర్ దగ్గర పనిచేసి అప్పుడు పెట్టుకోండి.

ఇంటర్న్‌షిప్‌లో ఏ డిపార్ట్‌మెంట్‌లో టైమ్ తెలియకుండా గడిచిందో రాసి పెట్టుకోండి. బీడీఎస్ తర్వాత చేసే పీజీ ఎండీఎస్ మూడేళ్లు, స్పెషాలిటీలు తొమ్మిది, ఎంట్రన్స్ నీట్ ఎండీఎస్. అందరూ ఆర్థో (పళ్ల వరస సరిచేసేది), ఎండో (రూట్ కెనాల్ చేసేది) అంటారు గానీ నెల్లూరు, ఒంగోలు మీదుగా హైవే పోతోంది కదా, బైకు మీద నుంచి పడి దవడ విరిగిన వాళ్లకు కావలసింది ఓరల్ సర్జనే.

నన్నడిగితే మన వైపు ఎక్కువ అవసరం పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీది, అంటే ఊరందరి పళ్ల ఆరోగ్యం చూసే స్పెషాలిటీది. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద వచ్చే ఆ గోధుమ రంగు మచ్చ పన్ను మొలిచాక పడేది కాదు, చిగుళ్ల లోపల పంటి పైపొర ఎనామిల్ తయారయ్యేటప్పుడే పడుతుంది. అంటే క్లినిక్‌లో కూర్చుని దాన్ని కప్పగలం గానీ ఆపలేం, చిన్నపిల్లలు తాగే నీళ్ల దగ్గరే ఆపాలి. బడుల్లో పళ్లు చూసి, ఏ ఊరి నీళ్లు పరీక్షకు పంపాలో చెప్పగలిగే డాక్టర్లు మనకు కావాలి. డబ్బు తక్కువే, ఆ మాట దాచను.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో డెంటల్ సర్జన్ పోస్టులకు నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఆర్మీ డెంటల్ కోర్, కాలేజీలో టీచింగ్, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ కూడా ఉన్నాయి. విదేశమైతే చాలాచోట్ల మన డిగ్రీతో నేరుగా ప్రాక్టీస్ కుదరదు, అమెరికాకు ఐఎన్‌బీడీఈ అనే అక్కడి డెంటల్ లైసెన్సు పరీక్ష రాసి సాధారణంగా అక్కడ మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి, కాబట్టి ఖర్చు లెక్క ముందే వేసుకోండి.

నీట్‌లో సీటు రాని బైపీసీ పిల్లలకు డెంటల్ హైజీనిస్ట్ (పళ్లు శుభ్రం చేసే పని), డెంటల్ మెకానిక్ (ల్యాబు పని) డిప్లొమాలు ఉన్నాయి, రెండేళ్లవి. క్రౌన్లు, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబు పని ఓపికగా నేర్చుకుంటే సొంతంగా నిలబడొచ్చు. చేరేముందు ఒక ల్యాబుకు వెళ్లి నాలుగు రోజులు పక్కన కూర్చుని చూడండి.