పెద్దాయన పోయాక ఆస్తి లెక్కలు మీ చేతికొస్తే: ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నాన్న పెద్దకర్మ రోజున, భోజనాలు ఇంకా అవుతుండగానే ఒకాయన నన్ను షామియానా పక్కకు పిలిచి, జేబులోంచి నాలుగు మడతల ప్రామిసరీ నోటు తీశాడు. "మీ నాన్న నాకు రెండు లక్షలు ఇవ్వాలి బాబూ. ఇప్పుడొక యాభై వేలిచ్చి వెనక చెల్లు వేసెయ్, మిగతాది నిదానంగా చూసుకుందాం" అన్నాడు. చెల్లంటే కొంత బాకీ కట్టినట్టు నోటు వెనక రాసే రాత. ఇంటి పరువు కదా అని పెన్ను తీశాను. దూరం నుంచి చూసిన మేనమామ "ముందు తేదీ చూడరా" అని కేకేశాడు. చూస్తే, ఆ నోటుకు మూడేళ్ళు నిండటానికి పదిరోజులే ఉంది. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు. కిందున్న సంతకం నాన్నదో కాదో కూడా నేనింకా చూడలేదు. చెల్లు వేసి సంతకం పెట్టుంటే దానికి మరో మూడేళ్ళ ఆయుష్షు నేనే పోసేవాణ్ణి.

అప్పు నిజమైతే తీర్చాల్సిందే. కానీ నోటు జెరాక్స్ తీసుకోండి, సంతకం పోల్చండి, వెనకున్న పాత చెల్లులు చదవండి, వకీలుకు చూపించండి. ఆ తర్వాతే డబ్బు మాట. తండ్రి అప్పు కొడుకు సొంత జేబులోంచి తీర్చాలన్న మాట ఊళ్ళో ఇంకా నడుస్తోంది. చట్టం ప్రకారం మాత్రం పోయినవారు వదిలిన ఆస్తి ఎంతవరకో బాధ్యత అంతవరకే.

వీలునామా లేకుండా పోయినవారి ఆస్తిని చక్కబెట్టడానికి జిల్లా కోర్టు ఇచ్చే అధికారపత్రాన్ని లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అంటారు. వారసులంతా ఒక్క మాట మీదుంటే హిందూ కుటుంబాల్లో ఇది తప్పనిసరేం కాదు. మాకు మాట కుదరక కోర్టుకు వెళ్ళాల్సొచ్చింది. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేవాళ్ళు చాలామంది. అది కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో తేల్చదు. సక్సెషన్ సర్టిఫికెట్ కూడా బ్యాంకు డబ్బు, షేర్లు, రావలసిన బాకీల వరకే. ఇల్లూ పొలం దాని కిందికి రావు.

కోర్టు మిమ్మల్ని అడ్మినిస్ట్రేటర్‌గా వేసేటప్పుడు బాండు రాయించుకుంటుంది. అక్కణ్ణుంచి 1925 నాటి భారత వారసత్వ చట్టం మీకు గడియారం కడుతుంది. 6 నెలల్లోపు ఆస్తులు, రావలసినవి, ఇవ్వవలసినవి అన్నీ రాసి జాబితా దాఖలు చేయాలి. ఏడాదిలోపు ఏం వచ్చింది, ఎలా ఖర్చయింది అన్న లెక్క అప్పజెప్పాలి. తెలిసి తప్పుడు జాబితా ఇస్తే అది తప్పుడు సాక్ష్యంతో సమానమైన నేరం. అందుకే తొలిరోజే ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి, ఈ పని కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి. మీ జీతమూ ఆ డబ్బూ ఒక్కచోట కలిస్తే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

పిన్ నంబరు తెలుసు కదా అని పోయినవారి ఏటీఎం కార్డు వాడకండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కర్మ ఖర్చుల తొందరలో మంచివాళ్ళు కూడా చేసే పొరపాటిదే. పోయినవారు తమ తరఫున పనులు చేయమని మీకు రాసిచ్చిన జీపీఏ కూడా వారితోనే పోయింది.

పాస్‌బుక్ మాత్రం వరస వరసా చదవండి. నాన్న ఖాతాలో ఒకచోట 436 రూపాయలు, ఇంకోచోట 20 రూపాయలు కట్ అయి ఉన్నాయి. మొదటిది జీవిత బీమా పథకం జీవన్‌జ్యోతి ప్రీమియం, రెండోది ప్రమాద బీమా సురక్షాది. జీవన్‌జ్యోతి కింద రావలసిన రెండు లక్షలు ఆ ఒక్క వరసలోనే దాగున్నాయి. బంగారం తాకట్టు రసీదుల కోసం బీరువా అంతా వెతకండి. వాయిదా దాటితే వేలం నోటీసు పోయినవారి పేరునే వస్తుంది, దాన్ని చదివేవాళ్ళుండరు. నాన్నకు ఇతరులు ఇవ్వాల్సిన నోట్లు కూడా మూడేళ్ళలో చెల్లకుండా పోతాయి. మీ నిర్లక్ష్యం వల్ల ఆ డబ్బు పోతే వారసులు మిమ్మల్నే అడగవచ్చు.

చెల్లింపులకూ వరస ఉంది. తాహతుకు తగ్గ అంత్యక్రియల ఖర్చు, వైద్యం ఖర్చు ముందు. తర్వాత కోర్టు ఖర్చులు. ఆ తర్వాత, ఆయన పోయేముందు మూడు నెలల్లో పనిచేసిన పనిమనిషికీ పాలేరుకూ ఇవ్వాల్సిన జీతం. చట్టం వాళ్ళను షావుకార్ల కంటే ముందుంచింది, మీరూ అలాగే ఉంచండి. మిగిలిన అప్పులవాళ్ళంతా సమానం. చేతిలో 6 లక్షలుండి అప్పులు 10 లక్షలైతే అందరికీ రూపాయికి 60 పైసలే. గట్టిగా అరిచినవాడికి పూర్తిగా కట్టేసి తక్కినవాళ్ళకు మొండిచెయ్యి చూపిస్తే తేడా మీ మెడకే చుట్టుకుంటుంది. అయితే తాకట్టు పెట్టుకున్నవాడికి ఆ తాకట్టు మీద హక్కు వేరేగా ఉంటుంది.

కోర్టు అనుమతి లేకుండా ఇల్లుగానీ పొలంగానీ అమ్మకండి, తాకట్టు పెట్టకండి, అయిదేళ్ళు మించి కౌలుకివ్వకండి.

ఇక వాటాలు. నాన్న స్వార్జితంలో అమ్మకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానమే. నాయనమ్మ బతికుంటే ఆమెకూ అంతే వాటా. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. 84 ఏళ్ళ మనిషి మంచం మీద ఉండి "నాకెందుకురా" అంది. అన్నంత మాత్రాన వాటా పోదు. ఇల్లూ పొలంలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన రిలీజ్ డీడ్ కావాలి. కట్నం ఇచ్చాం కదా అని ఆడపిల్ల వాటా తగ్గించడానికీ వీల్లేదు. బ్యాంకు డిపాజిట్‌కు నామినీ మీరే అయినా ఆ డబ్బు తీసుకునేది అందరి తరఫునే.

మా అన్న నాన్న కంటే ముందే పోయాడు. అతని వాటా వదినకూ, పన్నెండేళ్ళ పిల్లాడికీ వచ్చింది. పిల్లాడి భాగాన్ని వాడి పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించి, ఆ రసీదు జెరాక్స్ కోర్టుకిచ్చే లెక్కకు కుట్టాను. అసలు కాగితం వదిన బీరువాలో ఉంది.