మెడ నుంచి కిందికి: అతుకులు లేని రంగుల స్వెట్టర్ అల్లే విధానం

హైదరాబాద్‌లో స్వెట్టర్ తొడుక్కోవలసి వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లోనే, అదీ ఎక్కువగా తెల్లవారుజామున, రాత్రివేళల్లోనే. రెండు రంగుల దారాలతో అల్లినప్పుడు వాడని దారం వెనుకవైపు పరుచుకుంటూ పోతుంది కాబట్టి ఆ భాగం ఇంచుమించు రెట్టింపు మందమవుతుంది. అందువల్ల రంగుల పనిని భుజాలను చుట్టి ఉండే యోక్‌కే పరిమితం చేసి, ఒంటి భాగాన్నీ చేతులనూ ఒకే రంగులో అల్లుకోవడం మన వాతావరణానికి తగిన పద్ధతి. 20వ శతాబ్దం మధ్యలో ఐస్‌లాండ్‌లో ప్రాచుర్యం పొందిన లోపాపేసా స్వెట్టర్లది ఇలాంటి గుండ్రటి యోకే. అక్కడి సంప్రదాయంలో కింది అంచు నుంచి మెడవైపు అల్లుకుంటూ వెళ్తారు. మనం మెడతో మొదలుపెడదాం, ఎందుకంటే అల్లుతున్నంతసేపూ తొడిగి చూసుకుంటూ పొడవు సరిచేసుకోవచ్చు.

మరీ లావుగానూ మరీ సన్నంగానూ లేని ఊలు, అంటే 100 గ్రాములకు సుమారు 200 మీటర్లు వచ్చేది తీసుకోండి. 90 సెంటీమీటర్ల ఛాతీకి ప్రధాన రంగు 600 గ్రాములు, రెండో రంగు 100 గ్రాములు సరిపోతాయి. ప్రధాన రంగు ఉండలన్నీ ఒకే డై లాట్‌వి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి కావాలి. సగంలో అయిపోయాక మళ్లీ కొంటే రంగు కలవకపోవచ్చు. రెండు ఉండలను పక్కపక్కన పెట్టి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. అందులో రెండూ ఒకే బూడిద రంగులో కనబడితే అల్లాక డిజైను కంటికి ఆనదు.

నమూనా ముక్క విషయంలో బద్ధకించకూడదు. దాన్ని కూడా సర్క్యులర్ సూది (రెండు మొనలను సన్నటి తీగ కలిపే సూది) మీద, ఎప్పుడూ సీదావైపే కనబడేలా, రెండు రంగులతో అల్లి, ఉతికి ఆరబెట్టాకే కొలవాలి. ఇక్కడి లెక్కలన్నీ 4 మి.మీ. సూదితో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 చుట్లు వస్తాయన్న ఆధారంపై వేసినవి. మీకు 22 బదులు 24 కుట్లు వస్తే, 98 సెంటీమీటర్లు రావలసిన ఛాతీ 90కి తగ్గి, ఒంటికి అతుక్కుపోతుంది.

సన్నటి 3.5 సూది మీద 96 కుట్లు వదులుగా ఎక్కించి, మెలితిరగకుండా కలిపి, రెండు సీదా, రెండు ఉల్టా చొప్పున 3 సెంటీమీటర్ల పట్టీ అల్లండి. చుట్టు మొదలు వీపు మధ్యలో ఉండాలి. ఆ తరువాత వెనుక మెడను కాస్త ఎత్తు చేయాలి: వీపు భాగం మీదే అటూ ఇటూ మళ్లుతూ, ప్రతి మలుపుకూ 5 కుట్లు ముందుకు జరుగుతూ 8 వరుసలు అల్లాలి. ఇది మానేస్తే ముందు మెడ గొంతుకు తగులుతుంది.

ఇక యోక్. దీని లోతు 22 సెంటీమీటర్లు, అంటే 66 చుట్లు. 2వ చుట్టులో ప్రతి 2 కుట్లకు ఒకటి పెంచితే 144, 14వ చుట్టులో ప్రతి 3 కుట్లకు ఒకటి పెంచితే 192, 30వ చుట్టులో ప్రతి 4 కుట్లకు ఒకటి పెంచితే 240, 48వ చుట్టులో ప్రతి 5 కుట్లకు ఒకటి పెంచితే 288 అవుతాయి. ఇవన్నీ 8తో భాగించబడే సంఖ్యలే కనుక 8 కుట్ల డిజైను ఎక్కడ పెట్టినా చివర తెగదు. పెంచే చుట్టును మాత్రం ఒకే రంగులో అల్లండి.

డిజైనుకు పోచంపల్లి చీర అంచులోని డైమండ్ చక్కగా నప్పుతుంది. అయితే గళ్ల కాగితం మీద గీసినట్టే అల్లితే అది నొక్కుకుపోయినట్టు వస్తుంది, ఎందుకంటే కుట్టుకు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. అందుకని 8 కుట్లలో రెండో రంగును వరుసగా 1, 3, 3, 5, 7, 5, 3, 3, 1 కుట్ల చొప్పున తొమ్మిది చుట్లలో అల్లండి. రెండు వైపులా సుమారు 3 సెంటీమీటర్లు వస్తుంది. 30, 48 చుట్ల మధ్య వేస్తే చుట్టూ 30 డైమండ్లు వస్తాయి. దీనికి పైన, కింద చిన్న చుక్కల వరుస చాలు. అంతకు మించితే కిక్కిరిసిపోతుంది.

అసలు ప్రమాదం వెనుకవైపు దారంలో ఉంది. నా మొదటి స్వెట్టర్‌లో దాన్ని బిగించి లాగాను. పైకి నున్నగా, ముచ్చటగా కనబడింది గానీ తొడుక్కోబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది, మూడు వారాల పని విప్పేశాను. రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లను వేళ్లతో వెడల్పుగా పరిచి, ఆ తరువాతే కొత్త దారం అందుకోవాలి. 5 కుట్ల కంటే ఎక్కువ దూరం పోయే దారాన్ని మధ్యలో రెండో దారంతో ఒకసారి పెనవేయాలి. మన డైమండ్ మొదటి చుట్టులోనే 7 కుట్ల ఖాళీ ఉంది, అక్కడ ఇది తప్పదు. అయినా బిగుస్తుంటే రంగుల చుట్లకు మాత్రం 4.5 సూది వాడండి. డిజైను రంగు దారం ఎప్పుడూ కింది నుంచే రావాలి, ఆ రంగే ఉబ్బెత్తుగా కనబడుతుంది. మధ్యలో పైకీ కిందికీ మారిస్తే కొన్ని డైమండ్లు వెలవెలబోతాయి.

66 చుట్లు అయ్యాక విడదీయాలి. 45 కుట్లు అల్లి, తరువాతి 54 కుట్లను పాత దారం మీదికి ఎక్కించి పక్కన ఉంచండి, చంక కింద 18 కొత్త కుట్లు వేయండి. ముందు భాగం 90 అల్లి, మళ్లీ 54 పక్కన పెట్టి, 18 వేసి, మిగిలిన 45 అల్లండి. సూది మీద 216 కుట్లుంటాయి. వాటిని కావలసిన పొడవు వరకు అల్లి, 5 సెంటీమీటర్ల పట్టీతో వదులుగా ముగించాలి.

చేతికి పక్కన ఉంచిన 54, చంకలో ఎత్తుకున్న 18 కలిసి 72 కుట్లు. ప్రతి 9 చుట్లకు 2 కుట్ల చొప్పున పన్నెండుసార్లు తగ్గిస్తే మణికట్టు దగ్గర 48 మిగులుతాయి, అక్కడ మళ్లీ పట్టీ. చంక మూలల్లో చిన్న రంధ్రాలు తప్పక మిగులుతాయి, వాటిని చివర మిగిలిన తోక దారంతో లోపలి నుంచి మూసేయండి.

ఉతకడానికి పలుచటి కుంకుడు రసం, చల్లటి నీళ్లు మేలు. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, డాబా మీద నీడపట్టున బల్లపరుపుగా పరచండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు చేతులు సాగిపోతాయి.